అకౌంట్ నంబరు ఇవ్వకు తమ్ముడూ, ముందు ఉత్తరం రాయి

ప్రశ్న:

అక్కా, మాది చెన్నై, పులియంతోపు. తాత కాలంలో నెల్లూరు వైపు నుంచి కార్పొరేషన్ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నాన్న లేరు. అమ్మ పారిశుద్ధ్య పనిలో ఉంది. 2025 ఆగస్టులో కార్పొరేషన్ ఆఫీసు రిపన్ బిల్డింగ్ ముందు జరిగిన సమ్మెలో తనూ కూర్చుంది. నాకు 24 ఏళ్ళు. ఈవినింగ్ కాలేజీలో బీకాం చేశాను, ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లింగ్ పని. ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి నాలుగేళ్ళుగా మా బ్లాకు మేడ మీద సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్తున్నాం. 35 మంది వస్తారు. ఆదివారం ఫుట్‌బాల్.

పోయిన జనవరిలో ఒక ఏజెన్సీ ద్వారా జర్మనీ నుంచి 12 మంది స్టూడెంట్లు, వాళ్ళతో ఒక టీచర్ వచ్చారు. మూడు వారాలు ఉన్నారు. గోడలకు రంగులేశారు, పిల్లలతో ఆడారు, వెళ్ళేటప్పుడు ఏడ్చారు. మేమూ ఏడ్చాం. ఇప్పుడు ఆ టీచర్ మెయిల్ పెట్టింది. మా కోసం నాలుగు వేల యూరోలు పోగు చేశారట, నా అకౌంట్ నంబరు పంపమంది. నెలనెలా ఫోటోలు, ఒక్కో పిల్లాడి కథ, కష్టాలతో సహా వివరంగా రాసి పంపాలట. వేసవిలో ఇద్దరు అబ్బాయిలను పది రోజుల ఫుట్‌బాల్ క్యాంపుకు పిలుస్తారట. వాళ్ళు చూసి నచ్చిన వాళ్ళు ఒకడికి 14, ఒకడికి 15. నన్నేమో ఒక ఏడాది వాలంటీరుగా రమ్మంది.

మాలో ఒకడు "మనల్ని జూలో పెట్టి చూపిస్తార్రా" అంటాడు. ఇంకొకడు "నోటి దాకా వచ్చిన ముద్దను తోసేస్తావా" అంటాడు. అమ్మది ఒకటే మాట, "పోయినోడు తిరిగొస్తాడా?" జవాబు రాయలేదు ఇంకా. నిద్ర పట్టట్లేదు. ఏం చేయమంటారు?

(పేరు వేయొద్దు, పులియంతోపు)

సమాధానం:

తమ్ముడూ,

ముందు అకౌంట్ నంబరు సంగతి. ఇవ్వకు. ఇంకా జవాబు రాయకపోవడమే మంచిదైంది.

ఆ టీచరమ్మను అనుమానించి అంటున్న మాట కాదిది. వాళ్ళ ఊళ్ళో పిల్లలు కేకులు చేసి అమ్మో, పరుగు పందెం పెట్టో పోగు చేసిన డబ్బయి ఉంటుంది. మన చట్టం ఆవిడకు తెలియకపోతే తప్పు లేదు, నీకు మాత్రం తెలియాలి. ఎఫ్‌సీఆర్‌ఏ అనే మాట వినే ఉంటావు, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. 1976లో మొదట వచ్చింది, 2010లో దాన్ని తీసేసి కొత్తది పెట్టారు, 2020లో ఇంకాస్త బిగించారు. చదువు, సంఘసేవ లాంటి పనులకు విదేశీయుల దగ్గర డబ్బు తీసుకోవాలంటే కేంద్ర హోం శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి, లేదంటే ఆ ఫలానా డబ్బుకు ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. ఆ డబ్బు కూడా ముందు ఢిల్లీలో సంసద్ మార్గ్‌లో ఉన్న స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి అకౌంటులోనే పడాలి. నీ జీతం పడే సేవింగ్స్ అకౌంటులోకి ఒకేసారి నాలుగు లక్షల దాకా విదేశం నుంచి వచ్చి పడితే, రేపు అడిగేవాళ్ళకు "పిల్లల నోటుబుక్కులకండీ" అంటే సరిపోదు. పైగా అడిగేది మీ నలుగురినీ కాదు, నిన్నొక్కణ్ణే.

మేమే ఒక సొసైటీ పెట్టేస్తే పోలా అని నీకు తట్టే ఉంటుంది. పెట్టొచ్చు. తమిళనాడు సొసైటీల చట్టం కింద ఏడుగురు కూడితే చాలు. కానీ దానికి విదేశీ డబ్బు తీసుకునే రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థ మొదలై కనీసం మూడేళ్ళు నిండాలి, గడిచిన మూడేళ్ళలో సొంత పని మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. మీ మేడ మీది బడి ఇప్పటిదాకా ఖర్చు పెట్టిందేమిటి? సుద్దముక్కలు, రెండు ట్యూబ్‌లైట్లు, నాలుగు బంతులు, వానాకాలం ఒక టార్పాలిన్. 15 లక్షలు ఎక్కడ, మీరెక్కడ!

సరే, ఏదో పెద్ద ఎన్జీవో అకౌంటులో వేయించి, వాళ్ళ దగ్గర మనం తీసుకుందాం అనుకుంటావేమో. 2020 సవరణ తర్వాత అది కూడా కుదరదు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని ఇంకొకరికి బదిలీ చేయకూడదు. ఆ సంస్థే మీ పేటలో పని పెట్టుకుని, తనే టీచరుకు జీతమిచ్చి, తన పేరున బిల్లులు చేసి, తన లెక్కల్లో చూపించుకోవచ్చు. అప్పుడు బోర్డు వాళ్ళది, రిజిస్టరు వాళ్ళది, మీరు వాళ్ళ మనుషులవుతారు. అది మంచో చెడో ఆ సంస్థ ఎలాంటిదో చూసి చెప్పాల్సిన మాట. ఉత్తర చెన్నైలో పాతికేళ్ళుగా నిజాయితీగా పని చేస్తున్నవీ ఉన్నాయి, ఫ్లెక్సీ బ్యానరు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. నువ్వు అక్కడే పుట్టి పెరిగినవాడివి, ఏది ఏదో నాకంటే నీకే బాగా తెలుసు.

డబ్బు సంగతి అక్కడితో ఆపి అసలు విషయానికొస్తాను. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వాళ్ళు ఏం ఇస్తామన్నారో ఉంది, ఏం అడిగారో ఉంది. మీకేం కావాలో ఒక్క ముక్క లేదు. మీ నలుగురూ కూర్చుని ఆ మాట ఎప్పుడైనా అనుకున్నారా?

ఇలా అడగడానికి కారణముంది. ఇరవై ఏళ్ళ కిందట నేనూ మీ వైపే ఒక సంస్థలో పని చేశాను. పేరు అనవసరం. ఏటా చలికాలంలో ఏదో ఒక దేశం నుంచి ఓ గుంపు దిగేది. ఒకసారి గోడ మీద పెద్ద నీలం సముద్రం, చేపలు వేశారు. నిజంగా బాగుండేది. ఆ గోడకు అవతలివైపు చెమ్మ. కార్తీకంలో వానలు మొదలవగానే ఒక్కో చేపా పెచ్చులు పెచ్చులుగా ఊడి పడింది. పక్కింట్లో ఉండే ముసలమ్మ రోజూ ఆ పెచ్చులు ఊడుస్తూ "ఈ రంగుల డబ్బుతో ఓ కుళాయి ఏయించుంటే సచ్చేదాకా పేరు చెప్పుకునేదాన్ని" అనేది. ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఇంకోసారి పుస్తకాల పెట్టె వచ్చింది. అట్టలు దళసరిగా, బొమ్మలు మెరుస్తూ, అన్నీ మంచు దేశం కథలు. ఏడేళ్ళ పిల్లాడు మంచుబొమ్మను చూపించి "అక్కా, ఇది ఉప్పా?" అన్నాడు. వాడు ఎన్నూరు దగ్గర ఉప్పుమళ్ళు చూసిన పిల్లాడు మరి. మేం నవ్వుకున్నాం. ఆ పెట్టె ఆరు నెలల తర్వాత కూడా కొత్తగానే ఉంది.

ఇక మూడోది చెప్పాలంటే నాకే సిగ్గు. ఫోటోల రోజు ఒక పాప కొత్త పరికిణీ వేసుకుని వచ్చింది, ఆకుపచ్చది, జరీ అంచు. వాళ్ళమ్మ చీటీ డబ్బుతో కొన్నది. మా పైఅధికారి నన్ను పక్కకు పిలిచి ఆ పిల్లను పాత గౌను వేసుకు రమ్మనమన్నాడు, "దాతలు చూస్తారు" అని. నేనే వెళ్ళి చెప్పాను. ఆ పిల్ల మారు మాట లేకుండా ఇంటికెళ్ళి మార్చుకొచ్చింది. ఫోటోలో అందరికంటే బాగా పడింది కూడా. ఆ తర్వాత వారం రోజులు నా ముఖం చూడలేదు. ఆ ఉద్యోగం ఇంకో ఏడాది చేశాను గానీ, నా దృష్టిలో అది ఆ రోజే పోయింది.

కాబట్టి "జూలో పెడతారు" అంటున్న నీ స్నేహితుణ్ణి కసురుకోకు. వాడు చెప్పేదాంట్లో సత్యముంది. అలాగని వాడు చెప్పినట్టు తలుపు మూసేయమని కూడా అనను. మీ పేటకే సంబంధించిన ఓ పాత కథ ఉంది, ఇద్దరికీ చెప్పు.

మీ కార్పొరేషన్ జోన్ పేరు తిరు.వి.క. నగర్ కదా. ఆ తిరు.వి.క. ఎవరు? పెరంబూరు బిన్నీ బట్టల మిల్లుల కార్మికుల కోసం 1918 ఏప్రిల్ 27న పుట్టిన మద్రాస్ లేబర్ యూనియన్ పెద్దల్లో ఒకరు. దేశంలో పద్ధతిగా ఏర్పడిన తొలి కార్మిక సంఘం అదేనంటారు. యూనియన్‌కు మొదటి అధ్యక్షుడు బి.పి. వాడియా. బొంబాయి పార్సీ, అడయారులో దివ్యజ్ఞాన సమాజంలో అనీ బిసెంట్ దగ్గర పని చేసేవాడు. మిల్లు కార్మికుడు కాదు, తమిళుడు కాదు, తెలుగువాడు కాదు. మీ లెక్కన చూస్తే ఆయన కూడా "బయటి నుంచి వచ్చిన వాలంటీరే".

అయితే ఆయన వచ్చి సంఘం పెట్టాడనుకుంటే పొరపాటు. ముందు నుంచీ అక్కడ ఇద్దరున్నారు, సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు. చెట్టిగారికి మిల్లు దగ్గర బట్టల కొట్టు. అక్కడో భజన సభ లాంటిది నడిచేది, కార్మికులు చేరేవాళ్ళు, కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళు. అన్నం తినడానికి ఇచ్చే అరగంట చాలడం లేదన్నది వాళ్ళ మొదటి గోడుల్లో ఒకటి. అరగంట! దేశానికి స్వాతంత్ర్యం కావాలి, పెట్టుబడిదారీ నశించాలి అని కాదు, ముద్ద మింగడానికి ఇంకాస్త టైం కావాలి అని. ఆ ఇద్దరూ ఈ మాట పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి వాడియాను వెతికి పట్టుకొచ్చారు. అంటే గుమిగూడే చోటు ముందే ఉంది, కావాల్సిందేమిటో ముందే తెలుసు. ఆయన తెచ్చింది గొంతు, పలుకుబడి, ఇంగ్లీషు.

ఆ గొంతు ఎంత దూరం పోయిందంటే, 1919లో వాడియా లండన్ వెళ్ళి అక్కడి కార్మిక నాయకులను కలిసి మద్రాసు మిల్లుల సంగతి చెప్పాడు. 1920లో మద్రాసు హైకోర్టు యూనియన్ నాయకుల మీద ఇంజంక్షన్ ఇచ్చింది, సంఘం పెట్టుకోవడమే నేరమన్నట్టయింది. ఆ గొడవ ఇక్కడా అక్కడా నలిగి నలిగి చివరికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. మీ అమ్మ రిపన్ బిల్డింగ్ ముందు కూర్చున్నప్పుడు యూనియన్ అనే మాటకు చట్టంలో ఓ చోటు ఉందంటే, ఆ బట్టల కొట్టు కబుర్లకూ అందులో వాటా ఉంది.

ఈ కథకు చేదు ముక్క కూడా ఉంది, దాన్ని దాచను. 1921 సమ్మెలో కార్మికులు కులాల వారీగా చీలిపోయారు. మీ పులియంతోపులోనే గుడిసెలు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. లండన్ స్నేహితులు ఎంత మంచివాళ్ళయినా ఆ చీలికను అతికించలేకపోయారు. అది ఇక్కడివాళ్ళు ఇక్కడ చేసుకోవాల్సిన పని, చేసుకోలేకపోయారు.

నీ 35 మందిలో తెలుగు పిల్లలెందరు, తమిళ పిల్లలెందరు, ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళెందరు? అందులో ఇద్దర్ని విమానం ఎక్కిస్తే మిగతా 33 మంది ఇళ్ళల్లో ఆ రాత్రి ఏమనుకుంటారు? జర్మనీ సంగతికంటే ముందు నన్ను భయపెడుతున్నది ఇదే.

అందుకే ఆ ఇద్దరబ్బాయిల విషయం నిదానంగా చెప్తాను. ఇలాంటి ప్రయాణాలు పనికిరానివని నేను అనను. మీకు పక్కనే ఉదాహరణలున్నాయి. వీధి బాలల క్రికెట్ ప్రపంచకప్ 2019లో లండన్‌లో జరిగింది. ఫైనల్ లార్డ్స్ మైదానంలో. గెలిచింది ఇండియా సౌత్ జట్టు, అందులో ఉత్తర చెన్నైలో కరుణాలయ అనే సంస్థ పిల్లలున్నారు, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసిన జట్టు. తర్వాతి పోటీ 2023లో చెన్నైకే వచ్చింది. ఆ పోటీలు నడిపేవాళ్ళు ఆటతో ఆపరు. పిల్లల గుర్తింపు పత్రాలు, చదువు, భద్రత గురించి పిల్లల చేతే మాట్లాడిస్తారు. నాకు కప్పుకంటే అది ముఖ్యమనిపిస్తుంది. రోడ్డు మీద పెరిగిన పిల్లకు పాస్‌పోర్టు కావాలంటే ముందు పుట్టిన తేదీకి రుజువు కావాలి, గుర్తింపు కార్డు కావాలి, అడ్రస్ కావాలి. ప్రయాణం పది రోజుల్లో అయిపోతుంది, ఆ కాగితాలు జీవితాంతం ఉంటాయి.

ఈ మాట మీకూ వర్తిస్తుంది. మన తెలుగిళ్ళ సంగతి నీకు తెలియనిదా? రేషన్ కార్డులో తాత పెట్టించిన ఇంటిపేరు, స్కూలు టీసీలో తమిళ పద్ధతిలో నాన్న పేరు ఇనిషియల్, ఆధార్‌లో రెండూ కలిపి ఇంకేదో. మా తమ్ముడి కూతురికి ఒక్క ఇనిషియల్ విడదీసి రాయించడానికి మూడుసార్లు తిరిగాం. కాబట్టి క్యాంపు ఉన్నా లేకపోయినా, ఇద్దరివి కాదు, 35 మంది కాగితాలూ ఈ ఏడాది సరి చేయించే పని పెట్టుకోండి. పుట్టిన సర్టిఫికెట్‌లో, స్కూల్లో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందా లేదా అని ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఏ యూరోలూ అక్కర్లేని పని ఇది. రేపు కాలేజీ సీటుకు, స్కాలర్‌షిప్పుకు, ప్రభుత్వ బడిలో చదివి కాలేజీలో చేరే పిల్లలకు నెలకు వెయ్యి ఇచ్చే పుదుమై పెణ్, తమిళ్ పుదల్వన్ పథకాలకు, అన్నిటికీ ఈ కాగితాలే అడుగుతారు.

ఇక ఆ పిలుపుకు ఒప్పుకునే ముందు టీచరమ్మను కొన్ని అడుగు. మైనర్లకు పాస్‌పోర్టు ఫీజు వెయ్యి రూపాయలే గానీ తల్లిదండ్రులిద్దరి సమ్మతి పత్రం కావాలి, తండ్రి లేకపోతే, విడిపోతే దానికి తగ్గ కాగితం కావాలి. వీసాకు తలా 90 యూరోలు, 30 వేల యూరోల కవరేజీ ఉన్న ఇన్సూరెన్సు. ఖర్చంతా మాదేనని జర్మనీలో అధికారుల ముందు సంతకం పెట్టి ఇచ్చే పత్రం ఒకటి ఉంటుంది, అది పంపుతారా? పిల్లలతో ఇక్కడి నుంచి పెద్దవాళ్ళు ఎవరు వస్తారు, ఆ ఖర్చు ఎవరిది? రాత్రిళ్ళు పిల్లలు ఎవరి ఇంట్లో పడుకుంటారు, ఆ ఇళ్ళను ముందుగా ఎవరు చూశారు? అడగడానికి మొహమాటపడకు. వాళ్ళ దేశంలో వాళ్ళ పిల్లల విషయంలో ఇంతకంటే పది రెట్లు అడుగుతారు. అడగని వాడినే వింతగా చూస్తారు.

ఆ తర్వాత, ఇద్దరూ అబ్బాయిలే ఎందుకు? మీ మేడ మీద అమ్మాయిలు ఆడరా? ఆడకపోతే ఎందుకు ఆడట్లేదు? తండయారుపేట వైపు చెరియన్ నగర్‌లో ఆటో డ్రైవర్ కూతురు ఖాజిమా 2024లో అమెరికా వెళ్ళి క్యారమ్స్ ప్రపంచకప్‌లో మూడు స్వర్ణాలు తెచ్చింది. మీ ఇంటి నుంచి బస్సులో ఎంత దూరమో నువ్వే చెప్పు. ఎవరిని పంపాలో మూడు వారాలు చూసి వెళ్ళిన వాళ్ళు కాదు, నాలుగేళ్ళుగా చూస్తున్న మీరూ, ఆ పిల్లలూ కూర్చుని తేల్చుకోవాలి. ఎలా తేలుస్తారో ముందే అందరికీ చెప్పి తేల్చాలి. ఈ వేసవికి కుదరకపోతే వచ్చే వేసవి. "ఈ ఏడాది కాకపోతే మళ్ళీ లేదు" అని వాళ్ళంటే, ఆ స్నేహం ఎంత లోతో తెలిసిపోతుంది.

ఫోటోలు, కథలు. "కష్టాలతో సహా వివరంగా" అన్న మాట దగ్గర నాకు ఆ ఆకుపచ్చ పరికిణీ గుర్తొచ్చింది. ఒక పిల్లాడి తండ్రి తాగుడు గురించి నువ్వు రాసి పంపిన కథ ఎక్కడో ఒక వెబ్‌సైట్‌లో వాడి ఫోటో కింద పడితే, పదేళ్ళ తర్వాత వాడు ఉద్యోగానికి వెళ్ళినప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది. ముఖాలు, పూర్తి పేర్లు, ఇంటి వివరాలు పంపకు. తల్లిదండ్రులు సరేనన్నా, పిల్ల వద్దంటే వద్దే. నన్నడిగితే, ఇక్కడ ఒక బేరం పెట్టు. మా పిల్లలు తమ గురించి తమకు తోచింది తామే రాస్తారు, సరే. దానికి బదులు మీ పిల్లలు కూడా తమ గురించి రాయాలి. వాళ్ళమ్మ ఏం పని చేస్తుంది, వాళ్ళ వీధిలో చెత్త ఎవరు ఎత్తుతారు, వాళ్ళకు జీతమెంత, సమ్మె చేస్తారా. మీ అమ్మకు ఆ చివరి జవాబు వినాలని ఉంటుందని నా అనుమానం. ఇటు నుంచి ఒక ఉత్తరం వెళ్తే అటు నుంచి ఒకటి రావాలి. దీనికి ఏ హోం శాఖ అనుమతీ అక్కర్లేదు.

నీ ఏడాది సంగతి. దానికి సరైన దారి ఒకటుంది. జర్మనీ ప్రభుత్వం 2008లో వెల్ట్‌వెర్ట్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మొదట వాళ్ళ కుర్రాళ్ళు మన లాంటి దేశాలకు వచ్చేవాళ్ళు. "మరి మా వాళ్ళు మీ దగ్గరికి రావద్దా?" అని ఇటువైపు సంస్థలు అడిగాక, 2013 నుంచి ఇటు నుంచి అటు వెళ్ళే దారి కూడా పెట్టారు. 18 నుంచి 28 ఏళ్ళ వాళ్ళకు. అక్కడ వృద్ధాశ్రమంలోనో, పిల్లల బడిలోనో, పర్యావరణ పనిలోనో ఉంటావు. ఉండటం, తిండి, ఇన్సూరెన్సు, ప్రయాణం, చేతి ఖర్చు వాళ్ళు చూసుకుంటారు. ఒంటరిగా దరఖాస్తు పెట్టుకునేది కాదు, ఇక్కడ పంపే సంస్థ, అక్కడ తీసుకునే సంస్థ రెండూ ఉండాలి. కాబట్టి టీచరమ్మను ఒకటే అడుగు, ఏ కార్యక్రమం కింద, ఏ వీసా మీద? టూరిస్టుగా రా, తర్వాత చూద్దాం అంటే వద్దు. ఆ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండకూడదు, ఆపైన ఒక్క రోజున్నా నీ పేరు చెడుతుంది. మధ్యలో ఎవరైనా ఏజెంటు దూరి ప్రాసెసింగుకు రెండు లక్షలు కట్టమంటే ఫోన్ పెట్టేయి. (అన్నట్టు, వాళ్ళను తెచ్చిన ఆ ఏజెన్సీ ఒక్కొక్కరి దగ్గర ఎంత తీసుకుందో, అందులో మీ పేటకు ఎంత ఇచ్చిందో టీచరమ్మను మాటల్లో అడిగి చూడు. ఊరికే, తెలుసుకుందామని.)

నీకింకా 24 ఏళ్ళే. ఇవాళే వెళ్ళాల్సిన అవసరం లేదు. ఈ ఏడాది నుంగంబాక్కం మాక్స్ ముల్లర్ భవన్‌లోనో, ఇంకెక్కడైనా తక్కువలోనో జర్మన్ మొదటి మెట్టు నేర్చుకో. అంతకంటే ముఖ్యం, నువ్వు లేకుండా మేడ మీది బడి నడుస్తుందేమో ఓ నెల రోజులు చూడు. ఏ సాకుతోనైనా పైకి ఎక్కకు. నడిస్తే వెళ్ళు. నడవకపోతే, నువ్వు వెళ్ళొచ్చేసరికి అక్కడ బట్టలు ఆరేసి ఉంటాయి.

డబ్బు విషయంలో ఇంకో మాట. ఆ నాలుగు వేల యూరోలు మీ దగ్గరికే రావాలని లేదు. వాళ్ళ దగ్గరే ఉంచి, పిల్లలతో వెళ్ళే పెద్దమనిషి టికెట్‌కు, ఇన్సూరెన్సుకు వాళ్ళే అక్కడ నేరుగా కట్టొచ్చు. అది కూడా ముందు ఎఫ్‌సీఆర్‌ఏ తెలిసిన ఆడిటర్‌ను ఒకసారి అడిగాకే. ఇక్కడి ఖర్చుకు ఇక్కడి డబ్బు వెతుక్కోండి. మీ వీధిలో టీకొట్టు, మందుల షాపు, మటన్ కొట్టు, నెలకు తలా రెండు మూడు వందలు ఇవ్వలేరా? ఆ లెక్క నెలాఖరున మేడ మెట్ల దగ్గర గోడకు అంటించండి. నాలుగు లక్షలంత ఉండదు, నిజమే. కానీ ట్యూబ్‌లైటు పోతే మార్చడానికి జర్మనీకి మెయిల్ పెట్టక్కర్లేదు.

ఇక ఉత్తరం. మీ నలుగురూ కూర్చుని రాయండి, నువ్వొక్కడివే రాయకు. నేనైతే ఇలా మొదలుపెడతాను, ఇష్టమైతే దీన్నే ఇంగ్లీషులో పెట్టుకో:

"మీరు మమ్మల్ని మర్చిపోనందుకు సంతోషం. పిల్లలు మిమ్మల్ని రోజూ తలుచుకుంటారు. మా దేశ చట్టం ప్రకారం మీ డబ్బు నా అకౌంటులో తీసుకోకూడదు, అందుకని నంబరు పంపడం లేదు. కోపం తెచ్చుకోకండి. మాకు కావాల్సినవి రెండున్నాయి. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఇంగ్లీషులో మాట్లాడటం అలవాటు లేదు. మీ స్టూడెంట్లు ఆదివారం ఒక గంట వీడియోలో మాట్లాడగలరా? ఏడాది పాటు ఆగకుండా కుదిరితేనే సరేననండి. రెండోది, మా దగ్గర అమ్మాయిలకు ఆట నేర్పేవాళ్ళు లేరు. మీ క్లబ్బు కోచ్ ఎవరైనా మా పేటలో ఇద్దరు అక్కలకు నేర్పగలరా, వాళ్ళు మా అమ్మాయిలకు నేర్పుతారు? ఈసారి వచ్చేటప్పుడు రంగులు తేవద్దు, ఆ కోచ్‌ను తీసుకురండి."

కోచ్ వచ్చే పక్షంలో వీసా సంగతి వాళ్ళకు చెప్పు. మన ఈ-టూరిస్ట్ వీసా మీద జీతం లేని స్వచ్ఛంద సేవ నెల రోజుల దాకానే చేయొచ్చు. అంతకు మించితే వేరే వీసా.

అమ్మ అడిగిన మాటకు నేను జవాబు చెప్పలేను. అది మీ ఇద్దరి మధ్య ఉన్నది. వెళ్ళే రోజంటూ వస్తే, తిరుగు ప్రయాణం టికెట్ ప్రింటు తీసి ఆవిడ చేతికివ్వు, ఫోన్‌లో చూపించకు. బీరువాలో ఎక్కడో చీరల మధ్య పెట్టుకుంటుంది.

మెయిల్ పంపే ముందు ఇంగ్లీషు కాపీ నాకు ఒకసారి పంపు, తప్పులుంటే దిద్దుతాను. ఆ టీచరమ్మ ఏమందో కూడా రాయి. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.